గుండెమీది బిళ్ళ

(హొసూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసిన పిమ్మట పద్యమో పాటో వినవలసిన వేళ ఇది. అట్లాంటి వేళ క్యాన్సరు ఆస్పత్రి కబురు తెచ్చినందుకు ముందుగానే క్షమాపణ వేడుకొంటున్నాము. కార్యదర్శిగారు "పదిమందికీ పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అని ఆజ్ఞాపించారు. కిందటేడు మన మధ్యనే జరిగిన ఒక సంగతి కంటె పనికివచ్చేది మాకు తోచలేదు. పచ్చడిలో వేపపువ్వు పడకుండా ఉగాది ఎట్లాగూ కాదు గదా!

మేము డాక్టర్లము కాము. మెట్రిక్యులేషను ప్యాసయి, రైల్వేలో గుమాస్తాగా టిక్కెట్లు ఇచ్చుకొనేవారము. అయినా ఈ విషయం మా కిటికీ దగ్గరికే నడిచి వచ్చింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా గౌరీబిదనూరు దాటి బెంగుళూరు పోయే మా లైనులో క్యాన్సరు రోగి రాని రోజు అరుదు. డాక్టరు సంతకం చేసిన రాయితీ ఫారం చేతబట్టుకొని వస్తారు. రోగికి స్లీపరులోను, మూడో తరగతి ఏసీలోను ఛార్జీ పూర్తిగా మాఫీ. రెండో తరగతిలో నూటికి 75 వంతులు మాఫీ. వెంటపోయే మనిషి ఒకరికి కూడా 75 వంతులు మాఫీ ఉన్నది. ఈ సంగతి తెలియక పూర్తి డబ్బు పోసి ప్రయాణం చేసేవారు ఇంకా ఉన్నారు గనుక, సందర్భం కాకపోయినా చెప్పి పెడుతున్నాము.

ఆ ఫారాలు చాలావరకు కిద్వాయి సంస్థవి. బెంగుళూరులో 1973లో ఏర్పడి, 1980లో ప్రాంతీయ క్యాన్సరు కేంద్రంగా గుర్తింపు పొందిన ఆస్పత్రి అది. యాడికి పోతున్నారని అడిగితే "కరెంటు పెట్టించుకొనేకి పోతాండాం సార్" అంటారు మనవాళ్ళు. అది కరెంటు కాదు, రేడియేషను. కంటికి కానరాదు, ఒంటికి తగిలినట్టు తెలియదు, వాసన లేదు. గడ్డను మాడ్చేది అదే, మోతాదు మించితే మంచి మాంసాన్ని చెరిచేదీ అదే.

రోగి అయితే ఐదారు వారాలు పెట్టించుకొని ఇల్లు చేరుతాడు. మరి పెట్టేవారి సంగతి ఏమి? ఏళ్ళ తరబడి ప్రతిదినమూ ఆ గదుల చుట్టూ మసలేవారి ఒంట్లో ఎంత పడుతుందో ఎవరు కొలుస్తారు? ఇన్ని ఫారాలు చూసిన మాకు ఆ ప్రశ్న ఒక్కనాడూ తోచలేదు. మనకు బాగా కావలసిన ఒక కుటుంబంలో చిచ్చు రేగేదాకా తోచలేదు.

ఆ ఇంటి పిల్ల బెంగుళూరులో ఒక ఆస్పత్రిలో రేడియోథెరపీ టెక్నీషియను. అంత పేరు పలకలేక ఇంట్లోవారు "నర్సు" అనే చెప్పుకొంటారు. ఆ ఆస్పత్రి కిద్వాయి కాదు, ఏదో చెప్పవలసిన అవసరమూ లేదు. పిల్లకు పెనుకొండ వైపు సంబంధం కుదిరింది. లగ్నపత్రిక రాయించడమే తరువాయి. అప్పుడు వచ్చింది ఒక కాగితం. గడచిన మూడు మాసాలకుగాను ఆమె ధరించే బిళ్ళలో నూరు మిల్లీసీవర్టులకు పైగా రేడియేషను నమోదయిందనీ, ఎట్లా జరిగిందో వివరం రాసి ఇవ్వవలసిందనీ, విచారణ తేలేదాకా రేడియేషను పని నుంచి తప్పిస్తున్నామనీ దాని సారాంశం. మన దేశంలో ఇట్లాంటి పనివారికి ఏడాది మొత్తానికి పెట్టిన హద్దే 30 మిల్లీసీవర్టులు.

పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ మా ఇంటికి పరుగెత్తుకొని వచ్చి, "ఏమన్నా, మా బిడ్డ ఒంట్లోకి కరెంటు ఎక్కిందంట. అది దిగుతుందా, దిగదా?" అని అడిగింది. మేమేమి చెప్పగలం! నాలుగు దినాలకు మగపెళ్ళివారికి పొక్కింది. వారు చెడ్డవారు కారు. "పిల్లాజెల్లా కలుగుతారా, కలిగినా అవయవాలన్నీ సరిగ్గా ఉంటాయా, పెద్దలు మీరే కనుక్కొని చెప్పండి" అని సంఘానికి కబురంపారు. కనుక్కోకుండా సంబంధం విరుచుకొనేవారు లోకంలో కొల్లలు. వీరు కనుక్కోమన్నారు, అందుకు వారిని మెచ్చుకోవాలి.

ఈ మాట ఈ ఊళ్ళో అనడంలో ఒక ఔచిత్యం ఉన్నది. తమిళనాడు హొసూరు సంగతి కాదు మేము చెప్పేది, మన గౌరీబిదనూరు తాలూకా హొసూరు. ఇక్కడే ఒక పేదింట 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు అమెరికాలో ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1960లో అణుకేంద్ర భౌతికశాస్త్రంలో డాక్టరు పట్టం పుచ్చుకొన్నారు. 1972 నుంచి 1977 దాకా బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరీక్షించడానికి ఒక సంఘాన్నే వేశారు. 2005లో కాలధర్మం చెందారు. అణువు సంగతి చదువుకొన్న మహానుభావుడు పుట్టిన ఊళ్ళో, అణుకిరణం పేరు వినగానే అడగకుండా జడుసుకోవడం బాగుండదు గదా అని, పిల్ల తండ్రిగారితో కూడా మేము బెంగుళూరు బయలుదేరాము.

ఆస్పత్రిలో రేడియేషను భద్రతాధికారి అని ఒకరుంటారు. క్యాన్సరుకు రేడియేషను వైద్యం చేసే ప్రతి ఆస్పత్రిలోను అట్లాంటి అధికారి ఉండితీరాలని నియమం. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఈ కట్టుబాట్లన్నీ చూస్తుంది. ఆ అధికారి చిన్నవారు, ఓర్పు గలవారు. మమ్మల్ని కూర్చోబెట్టి ముందుగా బిళ్ళను చూపించారు.

బిళ్ళ అంటే మాకు తెలిసినది బిళ్ళబంట్రోతు బిళ్ళ, స్టేషను కూలీ చేతి బిళ్ళ. అవి చూడగానే మనిషి ఎవరో తెలుస్తుంది. ఈ బిళ్ళ అట్లాంటిది కాదు, కవచమూ కాదు. పిల్ల తండ్రిగారు అప్పటిదాకా అది కూతురిని కాపాడే తాయెత్తు అనే అనుకొంటున్నారు. అది ఒక్క కిరణాన్ని కూడా ఆపదు. ఎంత తగిలిందో రాసి పెట్టుకొంటుంది, అంతే. ప్లాస్టిక్ డబ్బాలో ఒక అల్యూమినియం రేకు, దానికి మూడు తెల్లని చిన్న చక్రాలు. కాల్షియం సల్ఫేటులో డిస్ప్రోసియం అనే లోహం రవ్వంత కలిపి, టెఫ్లానుతో బిళ్ళ కట్టినవి. ఒక చక్రానికి ఎదురుగా రాగి, అల్యూమినియం రేకులుంటాయి. రెండోదానికి ప్లాస్టిక్ తెర. మూడోదానికి ఏ అడ్డమూ లేదు. ఏ అడ్డం దాటి ఎంత వచ్చిందో పోల్చిచూస్తే, వచ్చిన కిరణం ఏ జాతిదో కూడా పోల్చుకోవచ్చునట.

చక్రంలో పడిన శక్తి అందులోనే చిక్కుకొని ఉంటుంది. మూడు మాసాలకొకసారి బిళ్ళలను ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ చక్రాన్ని బాగా కాచితే, చిక్కిన శక్తి వెలుతురై బయటికి వస్తుంది. ఆ వెలుతురును కొలిస్తే మోతాదు తేలుతుంది. ఒకప్పుడు ఇందుకు ఫోటోఫిలిం ముక్క వాడేవారు. మన ఎండకూ చెమ్మకూ ఫిలిం చెడిపోతుండేది. 1975 నుంచి మన దేశంలో ఈ చక్రాల పద్ధతి వచ్చింది. దీన్ని తీర్చిదిద్దినది బొంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం. 1965 నుంచి మన గౌరీబిదనూరు దగ్గర భూమిలో పరికరాలు పాతి, ఎక్కడో దేశాంతరంలో పేలిన బాంబుల అదురును కూడా వింటున్నది ఆ సంస్థే. ఇంత దగ్గర ఉండి ఆ సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఇక ఆ నూరు మిల్లీసీవర్టుల కథ. అధికారి పిల్లను పిలిచి మా ఎదుటనే అడిగారు. మూడు మాసాల్లో సెలవు పెట్టావా? పెట్టింది, చిన్నమ్మ కూతురి పెళ్ళికని పదకొండు దినాలు. బిళ్ళ ఎక్కడ పెట్టి పోయావు? పిల్ల తల వంచుకొంది. తెల్లకోటు జేబులో ఉండిపోయిందట. కోటు ఎక్కడ? చికిత్స గదిలో, గోడకొయ్యకు.

అప్పుడాయన చీటీ వెనుక లెక్క వేశారు. రోగికి ఒక్కసారికి ఇచ్చే మోతాదు రెండు గ్రేలు, అంటే రెండువేల మిల్లీగ్రేలు. రోగి ఒంటినుంచి చెదిరి ఒక మీటరు దూరానికి వచ్చేది అందులో సుమారు వెయ్యోవంతు, అంటే రెండు. దూరం రెట్టింపయితే నాలుగోవంతు అవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదోవంతు. కోటు వేలాడినది మూడు మీటర్ల దూరంలో. దినానికి యాభైమంది రోగులు. యాభై రెళ్ళు నూరు, తొమ్మిదో వంతు పదకొండు. మధ్యలో ఒక ఆదివారం పోను పది పనిదినాలకు నూటపది. మేము గుమాస్తాలము, ఈ పాటి లెక్క మాకు తేలికగానే అర్థమయింది. యంత్రం నడిచేటప్పుడు ఆ గదిలో రోగి తప్ప మరెవరూ ఉండరు. మీటరుకు పైగా మందమైన కాంక్రీటు గోడ ఇవతల కూర్చుని, టీవీలో చూస్తూ నడిపిస్తారు. తలుపు తెరిస్తే కిరణం దానంతటదే ఆగిపోతుంది. ఇంట్లో ఎవ్వరూ లేనప్పుడు చూరు కింద వదిలేసిన చెంబులో వాన నిండినట్టు, ఆ ఖాళీ గదిలో బిళ్ళ నిండింది.

"అయితే ఆ మాటే రాసిచ్చి కాగితం కొట్టివేయించండి" అన్నారు పిల్ల తండ్రిగారు. అధికారి తల అడ్డంగా ఊపారు. బిళ్ళ మొత్తం చెబుతుంది గాని ఏ దినాన ఎంత అన్నది చెప్పదు. సెలవు కాగితం ఉన్నంత మాత్రాన మిగిలిన దినాల్లో ఏమీ జరగలేదని రుజువు కాదు. అందుకని రక్తం తీసి బొంబాయికి పంపుతామన్నారు. రేడియేషను గట్టిగా తగిలి ఉంటే రక్తకణాల్లోని క్రోమోజోములు తెగి, తప్పుగా అతుక్కొని, ఒక నడుము ఉండవలసిన చోట రెండు నడుములతో కనిపిస్తాయట. నూరు మిల్లీసీవర్టులు దాటిన చోట ఈ పరీక్ష పనికివస్తుంది. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. లగ్నం వాయిదా పడింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. తప్పు ఒక్క పిల్లది కాదు. బిళ్ళలు తగిలించే పలక ఒకటి, రేడియేషను తగలని చోట, అందరికీ అందేటట్టు ఉండాలి. డ్యూటీ దిగిపోయేటప్పుడు అక్కడ తగిలించి పోవాలి. ఎవరూ ధరించని పోలిక బిళ్ళ ఒకటి ఆ పలక మీదనే ఎప్పుడూ ఉంటుంది. ప్రకృతిలో సహజంగా తగిలేదాన్ని తీసివేయడానికి అది ఆధారం. ఈ ఆస్పత్రిలో ఆ పలకను ఒక ఆఫీసు గది బీరువాలో పెట్టి, సాయంత్రం ఐదింటికి తాళం వేసుకొని పోతున్నారట! రెండో షిఫ్టువారు బిళ్ళను జేబులోనో సంచిలోనో వేసుకోక ఏమి చేస్తారు? తాళం చెవి గుమాస్తాది. మేమూ గుమాస్తాలమే గనుక సిగ్గుపడ్డాము.

ఫలితం కోసం చూసిన ఆ వారాల్లో మేము అడిగి, చదివి తెలుసుకొన్నవి కొన్ని మనవి చేస్తాము.

ఈ బిళ్ళలు లేని కాలం ఒకటి ఉండేది. రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో. తొమ్మిదేళ్ళు తిరక్కుండా 1904లో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ఆ కిరణాలవల్ల చేతులు పోగొట్టుకొని క్యాన్సరుతో చనిపోయాడు. రేడియం కనుగొన్న మేరీ క్యూరీ 1934లో మరణించింది, ఎముకల మూలుగలో రక్తం పుట్టక. 1936లో జర్మనీలోని హాంబుర్గు నగరంలో ఒక ఆస్పత్రి తోటలో, ఇట్లా ప్రాణాలర్పించిన డాక్టర్లు, నర్సులు, శాస్త్రవేత్తలు 169 మంది పేర్లు చెక్కి రాతి స్తంభం నిలిపారు. తరవాత ఆ పేర్లు ఇంకా పెరిగాయి. 1934లో పెద్దలు కూడి, దినానికి 0.2 రాంట్జెన్ దాకా ఫరవాలేదన్నారు. ఏడాది పనిదినాలకు లెక్కకడితే అది నేటి హద్దుకు ఇరవై రెట్లకు మించుతుంది. నేటి హద్దు, ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. మామూలు జనానికి ఇట్లాంటి పనులవల్ల కలిగేది ఏడాదికి ఒకటి దాటరాదు. మట్టినుంచి, ఆకాశంనుంచి, తినే తిండినుంచి లోకంలో ప్రతి మనిషికీ సగటున 2.4 ఎట్లాగూ తగులుతున్నది.

మన ఆడవారికి వచ్చే గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు లోపల పెట్టే వైద్యం ఒకటి ఉన్నది. పూర్వం రేడియం గొట్టాలను డాక్టర్లు, నర్సులు చేత్తోనే అమర్చేవారు. ఎవరు త్వరగా ముగించగలిగితే వారికి అంత తక్కువ తగిలేది. ఆ రోగికి అన్నం పెట్టినా, పక్క సవరించినా తగిలేదే. ఇప్పుడు ఖాళీ గొట్టాలు అమర్చి, అందరూ బయటికి వచ్చిన పిమ్మట, బియ్యపు గింజంత ఇరిడియం ముక్కను తీగ కొసన యంత్రమే లోపలికి నడిపి కొన్ని నిమిషాల్లో వెనక్కు లాక్కొంటుంది. దీంతో పనివారి బాధ చాలావరకు తీరింది. తీరిందన్న ధీమాతోనే ఒకచోట ఘోరం జరిగింది.

1992 నవంబరు 16వ తేదీన అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఇండియానా అనే పట్టణంలో, ఎనభై రెండేళ్ళ ముసలమ్మకు ఈ వైద్యం చేస్తుండగా తీగ తెగి ఇరిడియం ముక్క ఆమె ఒంట్లో ఉండిపోయింది. గది గోడకున్న హెచ్చరిక దీపం ఎర్రగా వెలుగుతూనే ఉన్నది. యంత్రం బల్లమీద మాత్రం "అంతా క్షేమం" అని చూపింది. సిబ్బంది ఏమనుకొన్నారు? దీపమే చెడిందనుకొన్నారు. చేతితో పట్టుకొని చూసే కొలత పరికరం ఉండి కూడా దాన్ని తీసి చూడలేదు. ముసలమ్మను ఆమె ఉండే వృద్ధుల ఆశ్రమానికి పంపివేశారు. నాలుగు దినాల తరవాత గొట్టం ఊడింది, మరునాడు ఆమె చనిపోయింది. ఊడిన గొట్టం చెత్తలో కలిసి లారీ ఎక్కి పోయింది. ఆ చెత్తను చేర్చుకొనే చోట రేడియేషను కొలిచే పరికరం ఉండబట్టి సంగతి బయటపడింది. ఈలోగా తొంభై నలుగురికి తగిలింది. నర్సులు, ఆశ్రమంలోని తోటి ముసలివారు, చూడవచ్చిన బంధువులు, చెత్త మోసినవారు.

ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రైల్వేలో మాకు మొట్టమొదట నేర్పేది ఏమిటి? సిగ్నలు దీపం ఆరిపోయినా, అనుమానంగా ఉన్నా, దాన్ని ఎర్రదీపం కిందనే లెక్కించి బండి ఆపాలి. దీపం చెడిందని తేల్చడం తరవాతి పని. ఆ గదిలో ఒక్క గేటుమాను ఉన్నా ముసలమ్మను బయటికి పోనిచ్చేవాడు కాదని మా అభిప్రాయం.

బిళ్ళ సంగతిలో ఇంకొక జబ్బున్నది, ఇది మన దగ్గరిదే. కొందరు బిళ్ళను కావాలనే సొరుగులో పెట్టి పనిలోకి పోతారట. లెక్క ఎక్కువ వస్తే పనినుంచి తప్పిస్తారని, భత్యం పోతుందని, పెళ్ళి కాదని. మన పిల్లకు జరిగినది చూస్తే వారి భయం వట్టిదని అనలేము. కాని ఆ పిల్ల బిళ్ళ ఖాళీ గదిలో నిండితే ఒక లగ్నం ఆగింది. సొరుగులో సున్నా చూపే బిళ్ళ గలవాడికి నిజంగా తగిలిననాడు చెప్పే సాక్షి ఎవరు? నష్టపరిహారం అడగడానికి కాగితం ఏది? ఐదేళ్ళ లెక్క ఉద్యోగం మారినా మనిషి వెంటనే పోవాలని ప్రతివారి పేరునా ఒక సంఖ్య ఇచ్చి దేశం మొత్తానికి ఒకే చోట పుస్తకం రాస్తున్నారు. ఆ పుస్తకంలో అబద్ధం రాయించుకొంటే ఎవరికి చేటు?

మగపెళ్ళివారి ప్రశ్నకు కూడా జవాబు అడిగి తెచ్చాము. హద్దులోపల పనిచేసేవారికి సంతానం కలగకపోవడం అనేది లేదు. గర్భం ధరించిన సంగతి తెలియజేసిన పిమ్మట, లోపలి బిడ్డకు ఒక మిల్లీసీవర్టు మించకుండా పని మార్చి ఇవ్వాలని నియమం. కాబట్టి ఆ సంగతి సిగ్గుపడి దాచకుండా వెంటనే చెప్పాలి. ఇక పుట్టబోయేవారి మాట. హిరోషిమా, నాగసాకిలో బాంబులనుంచి బతికి బయటపడిన వారికి ఆ తరవాత కలిగిన పిల్లలు సుమారు 77,000 మందిని దశాబ్దాల తరబడి పరీక్షించారు. తల్లిదండ్రులకు తగిలిన రేడియేషనువల్ల ఆ పిల్లలకు వంశపారంపర్యపు జబ్బులు పెరిగిన జాడ కనిపించలేదు. రేడియేషను ఎంత తక్కువైనా క్యాన్సరు భయం రవ్వంత ఉంటుందనే లెక్కతోనే హద్దులు పెట్టారు. అందువల్ల హద్దుదాకా పోవచ్చునని కాదు, వీలైనంత తక్కువలో ఉండాలి. ఇదీ వారికి దాచకుండా చెప్పాము.

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. రెండు నడుముల క్రోమోజోములు అసాధారణంగా ఏమీ లేవు. ఆ మోతాదు మనిషికి తగిలినది కాదు, బిళ్ళకు మాత్రమే తగిలినదని నిర్ణయించి పిల్ల లెక్కను సవరించారు. మళ్ళీ పనిలోకి తీసుకొన్నారు. బీరువాలోని పలక కంట్రోలు గది పక్క గోడకు వచ్చింది, కొక్కేలకు నంబర్లు వేశారు. రోగులను తోసుకొనివచ్చే వార్డుబాయీలు, గది ఊడ్చే ఆడవారు తమ సంగతేమిటని అడిగారట. వారికి బిళ్ళలు ఉండవు. జనానికి పెట్టిన ఒక మిల్లీసీవర్టు హద్దే వారికీ, కాబట్టి యంత్రం ఆగి పచ్చదీపం వెలిగితేనే లోపలికి రావాలి. కొలత పరికరం తెచ్చి వారి ఎదుటనే గది అంతా తిప్పి చూపించారట అధికారి. వారు అడగడం మాకు చాలా సంతోషం కలిగించింది.

పెనుకొండ పెద్దాయన ఫలితం కాగితం రెండుసార్లు చదివించుకొన్నారు. పిల్లనే పిలిచి, "పెళ్ళయినాంక మానుకుంటావామ్మా?" అని అడిగారు. "మానుకోను మామా" అన్నది. ఆయన కాసేపు ఊరుకొని, కాగితం మడిచి ఇచ్చి, పంతులుగారిని పిలిపించమన్నారు. లగ్నం వైశాఖంలో పెట్టారు. పిల్ల పన్నెండు దినాలు సెలవు అడిగింది. బిళ్ళ పలకమీద ఏ నంబరు కొక్కేనికి తగిలించి వస్తుందో వాళ్ళమ్మకు ఇప్పుడే కంఠతా వచ్చు.